సదస్సు వెబ్‌సైట్ పని నాకు అప్పగించారు, కమిటీలో తలో మాట

ప్రశ్న: ఓ పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. ఆమె సైన్స్ ఉపాధ్యాయుల సంఘంలో సభ్యురాలు. సంఘం ఏటా జరిపే రెండు రోజుల సదస్సుకు ఇంకా 11 వారాలుంది. దాదాపు 400 మంది వస్తారు. మూడు హాళ్లలో ఒకేసారి ప్రసంగాలు, ప్రయోగ ప్రదర్శనలు నడుస్తాయి. "కంప్యూటర్ పని నీకు బాగా వచ్చు కదమ్మా" అంటూ ఈసారి వెబ్‌సైట్ పని ఆమెకు అప్పగించారు. పెద్దవాళ్ల మాట కాదనలేక ఒప్పుకున్నారు. నిరుడు సైటు పెట్టిన కుర్రాడు వేరే ఉద్యోగానికి వెళ్లిపోయాడు. డొమైన్, అంటే సైటు చిరునామా, అతని పేరు మీదే ఉంది, ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. అధ్యక్షుల వారికి మొదటి పేజీ నిండా తమ సందేశం, పాత సదస్సుల ఫోటోలు ఒకదాని తర్వాత ఒకటి కదులుతూ కనిపించాలి. కోశాధికారి గారికి డబ్బు కట్టే ఏర్పాటు తప్ప వేరే ధ్యాస లేదు. మరో పెద్దాయన "ఇవన్నీ ఎందుకు, వాట్సాప్ గ్రూపు చాలదూ?" అంటున్నారు. నిరుడు కార్యక్రమ పట్టికను పీడీఎఫ్‌గా పెట్టి మూడుసార్లు మార్చారు, రెండో రోజు చాలామంది వేరే హాల్లోకి వెళ్లి కూర్చున్నారు. 60 మంది కట్టిన డబ్బు ఎవరిదో తేలడానికి నెల పట్టింది. "ఈసారి ఎక్కడ తేడా వచ్చినా నా పేరే చెబుతారు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఇప్పుడే తప్పుకోమంటారా? ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడుగుతున్నారు.

సమాధానం: మీ ఉత్తరంలో రెండు చిక్కులు కలిసిపోయి ఉన్నాయి. సైటు ఎలా తయారు చెయ్యాలన్నది ఒకటి, అందులో ఏముండాలో తేల్చేది ఎవరన్నది రెండోది. మొదటిదానికి మీకు కావలసినంత సమయం ఉంది. ఈ స్థాయి సదస్సుకు సరిపడే సైటుని సాయంత్రాలు కూర్చుని చేసినా మూడు నాలుగు వారాల్లో నిలబెట్టొచ్చు. మీకు నిద్ర పట్టనివ్వనిది రెండోది. నిరుటి గొడవలు మరోసారి చూడండి. పట్టిక మారితే ఎవరు దిద్దాలో, బయటికి వెళ్లిపోయిన పాత కాపీని ఏం చెయ్యాలో ముందుగా ఎవరూ అనుకోలేదు. నమోదు ఫారం ఒకచోట, డబ్బు కట్టే లింకు మరోచోట ఇచ్చారు, రెండింటినీ కలిపే నంబరు లేదు. ఇవి కంప్యూటర్ తప్పులు కావు. వీటిని తేల్చకుండా ఎంత అందమైన సైటు పెట్టినా మళ్లీ ఇదే జరుగుతుంది. అందుకని ముందు మనుషుల సంగతి మాట్లాడుకుందాం.

తప్పుకోవడం తప్పేమీ కాదు. తప్పుకునేటట్లయితే ఈ వారమే తప్పుకోండి. ఇంకొకరు అందుకోవడానికి వ్యవధి ఉంటుంది, మీ మీద ఎవరికీ మనసులో మాట మిగలదు. నమోదులు మొదలయ్యాక తప్పుకుంటే మాత్రం నష్టం సదస్సుకే. ఇప్పుడున్నట్టే, అందరి మాటా వింటూ, ఎవరికీ కాదని చెప్పకుండా సాగడం రెండో దారి. అది మీరు భయపడుతున్న చోటికే తీసుకెళ్తుంది. మూడో దారి, కొన్ని షరతులు కాగితం మీద పెట్టి ఉండటం. సైటులో ఏం పెట్టాలో చివరి మాట ఒక్కరిదే కావాలి. అది కార్యదర్శి గారిది కావచ్చు, మీదీ కావచ్చు, కానీ కమిటీ మొత్తానిది కాకూడదు. ఏ సమాచారం ఎవరు, ఏ తేదీలోగా ఇస్తారో రాసుకోవాలి. వక్తల పేర్లు, ఫోటోలు ఒకరు, హాళ్ల కేటాయింపు ఒకరు, రుసుము, వాపసు నియమాలు కోశాధికారి గారు. మీతో సమానంగా సైటు తెరిచి దిద్దగల రెండో మనిషి ఉండాలి, మీకు జ్వరం వస్తే సదస్సు ఆగకుండా. ఈ మూడింటినీ ఒకే పేజీలో రాసి వచ్చే సమావేశంలో చదవండి. ఒప్పుకుంటే మీ బరువు సగం దిగుతుంది. ఒప్పుకోకపోతే తప్పుకోవడానికి అంతకన్నా మర్యాదైన కారణం అక్కర్లేదు.

ఇక డొమైన్. దీన్ని రేపే మొదలుపెట్టండి, ఎందుకంటే ఇందులో కొన్ని గడువులు మన చేతిలో ఉండవు. ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థను చూసే ఐకాన్ (ICANN) సంస్థ లుకప్ పేజీలో మీ డొమైన్ పేరు కొట్టండి. సొంతదారు వివరాలు చాలావరకు దాచి ఉన్నా, ఏ రిజిస్ట్రార్ (డొమైన్లు అమ్మే సంస్థ) దగ్గర ఉందో, గడువు ఎప్పుడో కనిపిస్తుంది. ఆ గడువు సదస్సుకు ముందే ఉంటే అది అత్యవసరం. డాట్ కామ్, డాట్ ఆర్గ్ వంటివాటికి గడువు దాటాక రిజిస్ట్రార్‌ని బట్టి గరిష్ఠంగా 45 రోజుల దాకా మామూలుగా పునరుద్ధరించుకునే వీలుంటుంది, తర్వాత 30 రోజులు అదనపు రుసుముతో, ఆపైన 5 రోజులకు ఆ పేరు ఎవరైనా కొనుక్కోవచ్చు. అయితే గడువు దాటిన కొద్ది రోజులకే సైటు, దానితో నడిచే ఈమెయిల్ ఆగిపోతాయి.

ఆ కుర్రాడికి ఫోన్ మీద ఫోన్ చేసే బదులు, అతనికి బాగా తెలిసిన సభ్యుడి చేత ఒక చిన్న మెసేజ్ పంపించండి. "డొమైన్ సంఘం ఖాతాకి మార్చాలి, పావుగంట పని, ఖర్చు మాదే" అంటే చాలు. అడిగింది స్పష్టంగా, చిన్నదిగా ఉంటే జవాబిచ్చే అవకాశం ఎక్కువ. అదే రిజిస్ట్రార్ దగ్గర సంఘం పేరుతో ఖాతా తెరిచి అందులోకి జరిపించుకోవడం తేలిక. వేరే రిజిస్ట్రార్‌కి మార్చాలంటే బదిలీ కోడ్ కావాలి, సాధారణంగా ఐదారు రోజులు పడుతుంది. పది రోజులు చూసి, అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే కొత్త పేరు కొనండి. నష్టమేమిటంటే నిరుటి కరపత్రాల మీదున్న చిరునామా, గూగుల్‌లో చేరిన పాత పేజీలు మీ చేతికి రావు, అవి తెరిచినవాళ్లకు నిరుటి తేదీలే కనిపిస్తాయి. కాబట్టి కొత్త చిరునామాను సభ్యులందరికీ విడిగా చెప్పాల్సి ఉంటుంది. కొత్తగా కొన్న డొమైన్‌ని సాధారణంగా 60 రోజుల పాటు మరో రిజిస్ట్రార్‌కి మార్చలేం, అందుకని మొదటే నచ్చిన చోట కొనండి. సంఘం పేరుతో, సంఘం ఈమెయిల్‌తో కొనాలి, ఆటోమేటిక్ పునరుద్ధరణ పెట్టాలి. మీ సొంత ఈమెయిల్ పెడితే వచ్చే ఏడాది ఆ కుర్రాడి స్థానంలో మీరుంటారు.

పాత డొమైనే దొరికితే ఒక జాగ్రత్త. సంఘం ఈమెయిల్ దాని మీదే నడుస్తుంటే, నేమ్‌సర్వర్లు, అంటే డొమైన్ పద్దులు ఉంచే సర్వర్లు, మార్చే ముందు డీఎన్ఎస్‌లో (డొమైన్ పేరు ఏ సర్వర్‌కి వెళ్లాలో చెప్పే పట్టికలో) ఉన్న పద్దులన్నీ, ముఖ్యంగా ఈమెయిల్‌కి సంబంధించిన ఎంఎక్స్, టీఎక్స్‌టీ పద్దులు, రాసి పెట్టుకోండి. అవి కొత్తచోట మళ్లీ పెట్టకపోతే ఉత్తరాలు ఆగిపోతాయి, రెండు మూడు రోజుల దాకా ఎవరూ గమనించరు కూడా. పాత పద్దుని ఎన్ని సెకన్లు గుర్తుంచుకోవాలో చెప్పే టీటీఎల్ అనే అంకె 86400 అని ఉంటే అర్థం 24 గంటలని. అప్పటిదాకా కొందరికి పాత సైటు, కొందరికి కొత్త సైటు కనిపిస్తుంది. మార్పుకి రెండు రోజుల ముందు దాన్ని 300కి దించితే, చిరునామా పద్దు మాత్రమే మార్చినప్పుడు ఆ తికమక నిమిషాల్లో తీరిపోతుంది, నేమ్‌సర్వర్లే మారిస్తే ఒకటి రెండు రోజులు పట్టొచ్చు.

సైటుని ఏ పద్ధతిలో తయారు చెయ్యాలన్నది మీరు నన్ను సూటిగా అడగలేదు, కానీ మిగతావన్నీ దాని మీదే ఆధారపడతాయి. ఒక టికెటింగ్ వేదిక మీద పేజీ తెరిచి దాన్నే సైటుగా వాడుకోవచ్చు. గంటలో అయిపోతుంది, సీట్ల లెక్క, వెయిటింగ్ లిస్టు, డబ్బు వాపసు, ద్వారం దగ్గర క్యూఆర్ తనిఖీ అన్నీ సిద్ధంగా ఉంటాయి. బదులుగా ప్రతి టికెట్ మీద రుసుము పోతుంది, డబ్బు సదస్సు అయ్యేదాకా చేతికి రాకపోవచ్చు, మూడు హాళ్ల పట్టికను చక్కగా చూపే వీలు తక్కువ. రెండో పద్ధతి, పేజీలు తేలికగా కూర్చుకునే సైట్ బిల్డర్‌లో సమాచారం పెట్టి, నమోదు మాత్రం టికెటింగ్ వేదికకో ఫారానికో లింకు చెయ్యడం. మూడోది, వర్డ్‌ప్రెస్ అనే సైటు సాఫ్ట్‌వేర్ పెట్టి అందులోనే నమోదు, చెల్లింపు ప్లగిన్లతో (అదనంగా చేర్చే చిన్న ప్రోగ్రాములతో) నడపడం. అన్నీ మన చేతిలో ఉంటాయి, ప్లగిన్ల నవీకరణలు, బ్యాకప్‌లు, రక్షణ కూడా మన నెత్తినే ఉంటాయి. ఆ పని ఇష్టంగా చేసే మనిషి మీ సంఘంలో లేకుంటే మూడోది నేను సిఫారసు చెయ్యను. మీ పరిస్థితికి నా మొగ్గు రెండోదాని వైపు, ఎందుకంటే నమోదు భాగం ఎక్కడైనా మొరాయించినా తేదీ, చోటు, పట్టిక కనిపిస్తూనే ఉంటాయి.

అధ్యక్షుల వారి సందేశం గురించి. దీన్ని అభిరుచుల తగువుగా మార్చకండి, ఆయన ముందు ఫోన్ పెట్టండి. ఎక్కువమంది ఫోన్లలో పేజీ వెడల్పు 360 నుంచి 430 పిక్సెళ్లు. మొదట కనిపించేది ఆ ఒక్క తెర. అందులో సదస్సు పేరు, వారంతో సహా తేదీలు, జరిగే చోటు, ఒక బటన్ పడితే ఇక ఖాళీ ఉండదు. సందేశం అక్కడ పెడితే తేదీ కిందికి పోతుంది, తేదీ కనిపించనివాళ్లు ఫోన్ చేసేది కమిటీకే. సందేశంలోంచి ఆయన చెప్పదలచుకున్న రెండు వాక్యాలు తీసి బటన్ కింద, ఆయన ఫోటోతో పెట్టండి. పూర్తి సందేశానికి వేరే పేజీ ఇవ్వండి. కదిలే ఫోటోల విషయంలో మీ వైపు బలమైన కారణాలున్నాయి. ఫోన్‌లో తీసిన ఫోటో ఒక్కోటి 3 నుంచి 5 ఎంబీ ఉంటుంది, ఐదు పెడితే 15 నుంచి 25 ఎంబీ దాకా పోతుంది. పేజీలోని ముఖ్యభాగం 2.5 సెకన్లలోపు కనిపించాలన్నది గూగుల్ పెట్టుకున్న కొలత, ఆ బరువుతో అది చాలా కష్టం. పైగా వాటంతటవే కదులుతూ 5 సెకన్లు మించి నడిచే దేనికైనా ఆపే మీట ఉండాలని వైకల్యం ఉన్నవాళ్లు కూడా సైట్లు వాడుకోగలిగేలా పెట్టిన ప్రమాణం డబ్ల్యూసీఏజీ చెబుతుంది. ఒకే మంచి ఫోటోని 1600 పిక్సెళ్ల వెడల్పుకి తగ్గించి, వెబ్‌పీ అనే తేలికైన ఫోటో రూపంలో 200 కేబీ దరిదాపుల్లో పెట్టండి. మిగతావాటికి ఫోటోల పేజీ ఉండనే ఉంది.

ఆ బటన్ అంతటా ఒకటే కాదు, కాలాన్ని బట్టి మారాలి. నమోదు మొదలవక ముందు "నమోదు ఫలానా తేదీన మొదలు" అని, తెరిచాక "నమోదు చేసుకోండి" అని, సదస్సు రోజుల్లో "ఈరోజు కార్యక్రమం" అని, అయ్యాక "ప్రసంగాల రికార్డింగులు" అని. ఏ దశలోనైనా మీ సైటుకి వచ్చినవాళ్లలో ఎక్కువమందికి ఆ సమయంలో కావలసింది ఒక్కటే. దాన్ని ముందు పెట్టి మిగతావాటిని కిందికి జరిపితే చాలు. మారే తేదీలను ఇప్పుడే క్యాలెండర్‌లో వేసుకోండి, సదస్సు రోజు పొద్దున ఎవరికీ గుర్తుండదు.

ఇప్పుడు అసలు గుండెకాయ, కార్యక్రమ పట్టిక. దీని మీద మిగతా అన్ని పేజీల కన్నా ఎక్కువ సమయం పెట్టండి. పీడీఎఫ్ చెడ్డదేమీ కాదు, కానీ ఒకసారి దించుకున్నాక అది మారదు. మూడుసార్లు మార్చారంటే జనం చేతుల్లో నాలుగు రకాల పట్టికలు తిరిగాయని అర్థం, దేని మీదా అది ఎప్పటిదో రాసి లేదు. పట్టికకి మూలం ఒక్కటే ఉండాలి. ఒక షేర్డ్ స్ప్రెడ్‌షీట్ తెరవండి. ఒక్కో ప్రసంగానికి ఒక్కో వరుస. రోజు, మొదలు, ముగింపు, హాలు, శీర్షిక, వక్త, ఎవరి కోసం, స్థితి అన్న గడులు చాలు. స్థితి గడిలో "ఖాయం", "మారింది", "రద్దు" అన్న మూడు మాటలే వాడండి. దిద్దే హక్కు ఇద్దరికే ఇవ్వండి, కమిటీలో మిగతా అందరికీ చూసే హక్కు. సైటులోని పట్టిక ఆ షీట్ నుంచే రావాలి, అచ్చు వేసే కాపీ కూడా దాన్నుంచే.

పేజీలో దాన్ని చూపించేటప్పుడు మూడు హాళ్లను మూడు నిలువు గడులుగా పెట్టాలనిపిస్తుంది. కంప్యూటర్ తెర మీద బాగుంటుంది, ఫోన్‌లో అక్షరాలు చీమల్లా అవుతాయి, లేదా పక్కకి జరుపుతూ చూడాలి. అలా జరిపేటప్పుడే పక్క హాలు వరుస చూసి మోసపోతారు. నిరుడు తప్పు హాల్లో కూర్చున్నవాళ్లలో కొందరు ఇలాగే తికమకపడి ఉండొచ్చు. ఫోన్‌కి గంటల వారీగా కిందికి సాగే జాబితా మేలు. "10:00 నుంచి 10:45" అన్న శీర్షిక కింద మూడు ప్రసంగాలు, ప్రతిదానికీ హాలు పేరు అక్షరాల్లోనే. హాళ్లను రంగులతో మాత్రమే గుర్తించకండి, రంగులు పోల్చలేనివాళ్లుంటారు, నలుపు తెలుపు అచ్చులో అందరికీ అదే ఇబ్బంది. పేజీ తలమీద "చివరిసారి మార్చింది" అని తేదీ, సమయం వెయ్యండి. దాని కింద ఇటీవలి మార్పులు ఒక్కో వాక్యంలో. "రెండో రోజు 11 గంటల ప్రసంగం బి హాలు నుంచి సి హాలుకి మారింది" అన్నట్టు. మారిన ప్రసంగాన్ని నిశ్శబ్దంగా జరిపెయ్యకండి. పాత చోట కూడా "సి హాలుకి మారింది" అని ఉంచితే, వెతుక్కునే మనిషి కంగారుపడడు. రద్దయినదాన్నీ చెరపకండి, "రద్దు" అని చూపండి.

అచ్చు కాపీ కావాలనేవాళ్లు తప్పక ఉంటారు, ఉండాలి కూడా. ముందురోజు సాయంత్రం 6 గంటలకి పట్టికను స్థిరపరిచి, ప్రతి పేజీ అడుగున ఆ సమయం వేసి అచ్చు తియ్యండి. ఆ తర్వాత జరిగే మార్పులు సైటులోనూ, హాలు తలుపు మీద చేత్తో రాసిన కాగితం మీదా ఉంటాయి. తలుపు దగ్గర క్యూఆర్ కోడ్ పెడితే అది పట్టిక పేజీ చిరునామాకే వెళ్లాలి, పీడీఎఫ్‌కి కాదు. చిరునామాను నేరుగా కోడ్‌లోకి ఎక్కించే సాధనమే వాడండి. మధ్యలో మరో సైటు ద్వారా మళ్లించే ఉచిత సేవలు కొన్నాళ్లకు పనిచెయ్యడం మానెయ్యొచ్చు. కోడ్ పరిమాణానికి ఒక సులువు లెక్క ఉంది. ఎంత దూరం నుంచి స్కాన్ చేస్తారో అందులో పదో వంతు. చేతిలోని కరపత్రానికి 2 లేదా 3 సెంటీమీటర్లు, 2 మీటర్ల దూరం నుంచి చూసే బోర్డుకి 20. చుట్టూ తెల్ల అంచు వదలండి, అది లేకపోతే కెమెరాకి అందదు.

వాట్సాప్ చాలన్న పెద్దాయన మాటలో నిజం లేకపోలేదు. మీ సభ్యులు రోజూ తెరిచేది అదే. కానీ ఫార్వర్డ్ అయిపోయిన తప్పుడు పోస్టర్‌ని వెనక్కి తీసుకునే దారి ఎవరి దగ్గరా లేదు. ఆయనతో పోటీ పడకండి, గ్రూపు బాధ్యత ఆయనకే ఇవ్వండి. ఒక్క నియమం మాత్రం అడగండి. సమయాలు, హాళ్లు ఉన్న బొమ్మలు గ్రూపులో పెట్టకూడదు, "పట్టికలో మార్పు ఉంది, ఇక్కడ చూడండి" అని లింకు మాత్రమే పెట్టాలి. లింకు అతికించగానే కనిపించే చిన్న బొమ్మ, శీర్షిక పేజీ కోడ్‌లో పెట్టే ఓపెన్ గ్రాఫ్ ట్యాగులు అనే గుర్తుల నుంచి వస్తాయి. బొమ్మ 1200 బై 630 పిక్సెళ్లలో, తక్కువ బరువుతో తయారు చేసి, సైటు మొదటిసారి పంచుకోకముందే పెట్టండి. చాలా యాప్‌లు ఆ బొమ్మను దాచుకుంటాయి, తర్వాత మార్చినా కొన్నాళ్లు పాతదే చూపిస్తాయి. మార్చక తప్పకపోతే బొమ్మ ఫైలు పేరు కూడా మార్చండి.

కోశాధికారి గారి ఆందోళన న్యాయమైనది. మనిషి డబ్బు కట్టే లోపే అతనికి ఒక నమోదు సంఖ్య రావాలి, ఆ సంఖ్య డబ్బుతో పాటు ప్రయాణం చెయ్యాలి. నిరుటి 60 మంది విషయంలో తెగింది ఈ ముడే. టికెటింగ్ వేదిక వాడితే ఇది దానంతటదే జరుగుతుంది. సొంత సైటులో చెల్లింపు గేట్‌వే (ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకుని ఖాతాకి చేర్చే సేవ) పెడితే ఒక సంగతి తప్పక అడిగి తెలుసుకోండి. డబ్బు కట్టాక మనిషి మళ్లీ సైటుకి తిరిగొచ్చినప్పుడే నమోదు ఖాయం చేస్తున్నారా, లేక గేట్‌వే నుంచి సర్వర్‌కి నేరుగా వచ్చే వెబ్‌హుక్ సందేశంతోనా? మొదటి పద్ధతిలో, డబ్బు కట్టగానే నెట్ పోయినా బ్రౌజర్ మూసేసినా డబ్బు వెళ్తుంది, నమోదు కాదు. గేట్‌వే వాళ్లు సంఘం పత్రాలు పరిశీలించి ఖాతా తెరవడానికి కూడా వ్యవధి పడుతుంది, ఆ దరఖాస్తు మొదటి వారంలోనే పడాలి. కార్డు వివరాలు మీ ఫారంలో ఎప్పుడూ అడగకండి, అవి గేట్‌వే పేజీలోనే ఉండాలి. ఇదేమీ వద్దు, ఫారం నింపి డబ్బు బ్యాంకు ఖాతాకి పంపుతారు అంటారా, అదీ నడుస్తుంది. అయితే ఫారం చివర లావాదేవీ సంఖ్య అడగాలి, ఒకరు ప్రతిరోజూ బ్యాంకు పద్దుతో సరిచూడాలి. వంద మందికి ఇది భరించొచ్చు, 400 మందికి చివరి వారంలో రోజుకి గంటా రెండు గంటల పని. ఆ గంటలు కోశాధికారి గారు ఇవ్వగలరా అని ముందే అడగండి. నిర్ణయం ఆయనది, పనీ ఆయనదే అయితే ఆయనే సరైన దారి ఎంచుకుంటారు.

ఫారంలో అడిగే ప్రతి ప్రశ్నకీ "ఈ జవాబు ఎవరు వాడతారు?" అని వేసుకోండి. బ్యాడ్జీ మీద రావలసిన పేరు, ఈమెయిల్, ఫోన్, ఏ రోజు వస్తారు, ఏ విభాగం, ఏదైనా ప్రత్యేక సౌకర్యం కావాలా. అంతకు మించి అడిగితే కొందరు మధ్యలో వదిలేస్తారు, మిగిలిన వివరాలను కాపాడే భారం మీకు మిగులుతుంది. ప్రయోగ ప్రదర్శనకి పరిమిత సీట్లుంటే, చివరి సీటు ఇద్దరికి వెళ్లకుండా చెల్లింపు పూర్తయ్యే దాకా 10, 15 నిమిషాలు పట్టి ఉంచే ఏర్పాటుందో లేదో చూడండి. మామూలు ఫారాలకి అది ఉండదు. అలాంటప్పుడు రెండు మూడు సీట్లు చేతిలో ఉంచుకుని మూసెయ్యండి.

నమోదు అయ్యాక వెళ్లే ఈమెయిల్ స్పామ్‌లో పడితే ఫోన్లు మోగడం మొదలవుతుంది. తమకు ఉత్తరాలు పంపే డొమైన్లకు, ఉత్తరం నిజంగా ఆ డొమైన్ నుంచే వచ్చిందని చూపే ఎస్‌పీఎఫ్ గానీ డీకిమ్ గానీ ఉండాలని, రోజుకి 5000 దాటి పంపేవాళ్లకు రెండూ, వాటితో పాటు ఆ తనిఖీ తప్పితే ఏం చెయ్యాలో చెప్పే డీమార్క్ ఉండాలని 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ నియమం పెట్టింది. మీకు అన్ని ఉత్తరాలుండవు, అయినా మూడూ పెట్టించండి, డీఎన్ఎస్‌లో మూడు పద్దుల పని. సైటు నుంచి వెళ్లే ఉత్తరం పంపినవారి చిరునామాలో ఎవరిదో జీమెయిల్ ఖాతా పెట్టడం మామూలుగా జరిగే పొరపాటు, అలాంటివి స్పామ్‌లోకి వెళ్తాయి. ఉత్తరం మీద మాత్రమే ఆధారపడకండి. నమోదు సంఖ్యను, వారు టైపు చేసిన ఈమెయిల్‌ని తెర మీద పెద్దగా చూపి, స్క్రీన్‌షాట్ తీసుకోమనండి. ఈమెయిల్‌లో ఒక అక్షరం తప్పినవాళ్లు అక్కడే గుర్తుపడతారు.

చేరుకునే దారి పేజీలో మ్యాప్ గుర్తు ఒక్కటే పెట్టి వదిలెయ్యకండి. పెద్ద ఆవరణల్లో ఆ గుర్తు సాధారణంగా మధ్యలో పడుతుంది, వాహనాలు ఆగే గేటు దగ్గర కాదు. గేటు మీద గుర్తు పెట్టి, అక్కడి నుంచి హాలు దాకా నాలుగు వాక్యాల్లో రాయండి. మెట్లున్నాయా, లిఫ్ట్ ఉందా, చక్రాల కుర్చీ ఏ వైపు నుంచి వెళ్తుంది అన్నవి అక్కడే. లేత బూడిద రంగు అక్షరాలు సొగసుగా కనిపిస్తాయి గానీ ఎండలో ఫోన్ పట్టుకున్నవాళ్లకు చదవడం కష్టం. అక్షరానికి, వెనకనున్న రంగుకి మధ్య కాంట్రాస్ట్ (వెలుగు తేడా) కనీసం 4.5కి 1 నిష్పత్తిలో ఉండాలి, దాన్ని లెక్కగట్టే ఉచిత సాధనాలు ఎన్నో ఉన్నాయి. సంప్రదించడానికి ఒకే ఫోన్ నంబరు, ఏ గంటల్లో ఎత్తుతారో రాసి, సంఘం ఈమెయిల్ ఒకటి. మీ సొంత నంబరు పెట్టకండి.

11 వారాలను ఇలా వాడుకోవచ్చు. మొదటి రెండు వారాలు డొమైన్, ఖాతాలు, గేట్‌వే దరఖాస్తు, కమిటీ ఒప్పందం. మూడో వారం చివరికి పేరు, తేదీలు, చోటు, "నమోదు ఫలానా రోజున" అన్న ఒక్క పేజీ బయటికి రావాలి. సెలవులు పెట్టుకోవడానికి ఉపాధ్యాయులకు అదే చాలు. ఐదో వారంలో నమోదు. దానికి ముందు ఒక వారం పరీక్షకి వదలండి. కమిటీలో లేని ఐదుగురిని పిలిచి వాళ్ల ఫోన్లలోనే మూడు పనులు చెయ్యమనండి. నమోదు పూర్తి చెయ్యడం, రెండో రోజు 11 గంటలకు ఫలానా ప్రసంగం ఏ హాల్లోనో చెప్పడం, గేటు ఎక్కడో కనుక్కోవడం. పట్టిక అప్పటికి తేలదు కాబట్టి నమూనా పట్టిక పెట్టండి, పరీక్ష అయ్యాక తీసెయ్యడం మరవకండి. పక్కన కూర్చోండి, సాయం చెయ్యకండి. ఇద్దరు ఒకేచోట తడబడితే తప్పు పేజీదే. నిజంగా డబ్బు కట్టి, వాపసు కూడా చేసి చూడండి. ఎనిమిదో వారానికి అసలు పట్టిక రావాలి. ఆలస్యమైన వక్తల కోసం ఆగకండి, "త్వరలో" అని ఖాళీ చూపండి. పదో వారం తర్వాత సైటు రూపురేఖలు మార్చొద్దు, విషయం మాత్రమే. ఆ చివరి వారంలో రంగు మార్చమని, ఫోటో మార్చమని ఒత్తిడి వస్తుంది, అప్పుడు మీ షరతుల కాగితం పనికొస్తుంది.

సదస్సు రోజున 400 ఫోన్లు ఒకేచోట చేరితే మొబైల్ నెట్ నెమ్మదిస్తుంది. పట్టిక పేజీ మొత్తం బరువు 500 కేబీ లోపు ఉంటే అప్పుడు కూడా తెరుచుకుంటుంది, కాబట్టి ఆ పేజీలో ఫోటోలు వద్దు, వీడియో అసలే వద్దు. సైటు దిద్దే ఇద్దరిలో ఒకరు ఎప్పుడూ ప్రసంగాల్లో కాకుండా నమోదు బల్ల దగ్గర ఉండాలి. లాగిన్‌కి రెండో దశ కోడ్ ఒకే ఫోన్‌కి వచ్చేలా ఉంటే, ఆ ఫోన్ చార్జింగ్ అయిపోతే చేతులు కట్టేసినట్టే. బ్యాకప్ కోడ్లు కాగితం మీద రాసి రెండో మనిషి దగ్గర ఉంచండి. నమోదైనవాళ్ల జాబితా ముందురోజు రాత్రి దించి, అక్షరక్రమంలో అచ్చు తీసి పెట్టుకోండి. స్కానర్ పనిచెయ్యకపోయినా వరుస ఆగదు.

సదస్సు ముగిసిన రాత్రే నమోదు ఫారం మూసెయ్యండి, తెరిచి ఉంచితే చెత్త నమోదులు వచ్చి పడతాయి. రెండు రోజుల్లోపు అభిప్రాయాల ఫారం పంపితే జవాబులు వస్తాయి, వారం దాటితే ఎవరికీ గుర్తుండదు. వక్తల అనుమతి తీసుకున్నాకే రికార్డింగులు, స్లయిడ్లు పెట్టండి. పిల్లలు కనిపించే ఫోటోలకి వాళ్ల పెద్దల అనుమతి కావాలి. ఈ ఏడాది పేజీలను సంవత్సరం పేరుతో ఉన్న చిరునామా కింద మొదటి నుంచే పెడితే, వచ్చే ఏడాది మొదటి పేజీ మారినా ఇవి చెక్కుచెదరవు, ఎవరో దాచుకున్న లింకు పని చేస్తూనే ఉంటుంది. లెక్కలు తేలాక ఫోన్ నంబర్లు, ఈమెయిళ్లు ఉన్న జాబితాలను కమిటీ పెట్టిన గడువులోగా చెరిపెయ్యండి. డొమైన్, హోస్టింగ్ (సైటు ఫైళ్లు ఉంచే సేవ), ఈమెయిల్, నమోదు వేదిక ఖాతాలు ఏ చిరునామాతో ఉన్నాయో, గడువులు ఎప్పుడో ఒక పేజీలో రాసి కార్యదర్శి గారికి అందజేసి, అందినట్టు సంతకం తీసుకోండి. పాస్‌వర్డ్‌లు ఆ కాగితం మీద కాక, సంఘం పేరుతో ఉన్న పాస్‌వర్డ్ మేనేజర్‌లో ఉండాలి.